పన్నెండా, ఎనిమిదా?

మా ఇద్దరిదీ ఒకటే షట్టరు. తెనాలి బస్టాండు నుంచి రైల్వే స్టేషనుకి వెళ్ళే దారిలో ఇరుకైన కొట్టు. ఎడమ సగం నాది. జిరాక్సు, డీటీపీ, లామినేషన్. కుడి సగం రంగనాయకులు గారిది. కంప్యూటర్లు బిగించడం, బాగుచెయ్యడం. మధ్యలో గోడ లేదు, నా జిరాక్సు మిషనే సరిహద్దు. పదహారేళ్ళుగా ఆయన గిరాకీతో మాట్లాడే ప్రతి మాటా నా చెవిన పడింది. నేను గిరాకీ మీద అరిచే ప్రతి అరుపూ ఆయన చెవిన పడింది. నాకు కోపం ఎక్కువ, ఆయనకి ఓపిక ఎక్కువ. ఆ ఓపిక ఎలా అరిగిపోయిందో పక్కనే కూర్చుని చూసినదాన్ని కాబట్టి ఆయన గురించి రాయడానికి నాకు హక్కు ఉందనుకుంటున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. అదీ రాస్తాను.

రంగనాయకులు గారికి యాభై ఎనిమిదేళ్ళు. సన్నటి మనిషి, కొంచెం ముందుకు వంగి నడుస్తారు. ముప్ఫై ఏళ్ళపాటు తెరిచిన డబ్బాల్లోకి తొంగి చూస్తే ఎవరి నడుమైనా అంతే. చొక్కా జేబులో టెస్టరు, చెవి మీద పెన్సిలు. చూస్తే కంప్యూటర్ల మనిషని ఎవరూ అనుకోరు. వేమూరు వైపు నుంచి పొలం పని ముగించుకుని ఎరువుల కొట్టుకి వచ్చిన రైతనుకుంటారు. నిజంగానే వాళ్ళది ఆ వైపు వ్యవసాయ కుటుంబం. అన్నదమ్ములు పొలం చూసుకుంటుంటే ఈయన బాపట్లలో ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరారు.

ఆ కాలేజీలో ఏ వస్తువు కొనాలన్నా ముందు ఒక కాగితం తయారు చెయ్యాలట. కంపారిటివ్ స్టేట్‌మెంట్ అంటారు. నిలువుగా గీతలు కొట్టి, ఒక గడిలో ఈ సరుకు గుణాలు, పక్క గడిలో ఆ సరుకు గుణాలు, అట్టడుగున ‘ఏది, ఎందుకు’ అని ఒక వరస, దాని కింద సంతకం. ఎనిమిదేళ్ళు ఆయన చేత ఆ కాగితాలు రాయించారు. కాలేజీ వదిలేసి తెనాలిలో కొట్టు పెట్టుకున్నా ఆ కాగితం మాత్రం ఆయన్ని వదల్లేదు. మౌస్ కొనడానికి వచ్చినవాడికి కూడా రెండు గడులు గీసి ఇచ్చేవారు. నేను నవ్వితే, “నవ్వుతావేంటమ్మా, వాడి డబ్బు వాడు ఎందుకు పెడుతున్నాడో వాడికి తెలియాలి కదా,” అనేవారు.

కొట్టుకి ఎవరొచ్చినా అడిగేది ఒకటే మాట.

“వీటిల్లో ఏది మంచిది బాబాయ్?”

“దేనికి?” అనేవారు ఆయన.

వచ్చినవాడు తెల్లమొహం వేసేవాడు. అప్పుడు ఈయన మూడు ప్రశ్నలు అడిగేవారు. పని ఏంటి? కంప్యూటర్లో బోర్డు ఏనాటిది? మీ ఊళ్ళో కరెంటు ఎట్టా ఉంటది? ఈ మూడు ప్రశ్నలూ, వాటి జవాబులూ కాగితం మీద పైన రాసుకున్నాకే గీతలు కొట్టేవారు. పదహారేళ్ళలో ఆ మూడు ప్రశ్నలూ నేను ఎన్ని వేలసార్లు విన్నానో నాకే తెలియదు. ఒక్కోసారి నిద్రలో కూడా వినపడేవి.

పోయిన ఏడాది ఒక తమాషా జరిగింది. మధ్యతరగతి ధరలో రెండు గ్రాఫిక్స్ కార్డులు బజార్లో పక్కపక్కనే నిలబడ్డాయి. గ్రాఫిక్స్ కార్డంటే కంప్యూటర్లో బొమ్మల పనీ, వీడియోల పనీ చేసిపెట్టే పలక. ఒకటి పాత తరానిది, పన్నెండు జీబీ మెమరీ. ఇంకోటి కొత్త తరానిది, ఎనిమిది జీబీ. ధరలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అక్కడే వచ్చింది తంటా. తేడా ఉంటే జేబు చూసుకుని ఏదో ఒకటి తీసుకునేవాళ్ళు. లేదు కాబట్టి అందరికీ ఒకటే సందేహం. పన్నెండా, ఎనిమిదా? పొద్దున షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా అదే గోల.

మొదట్లో ఆయన కాగితం మీదున్న మాటలే చదివి చెప్పేవారు. “పన్నెండు దాని బస్సు వెడల్పు నూట తొంభై రెండు బిట్లు. ఎనిమిది దాని బస్సు నూట ఇరవై ఎనిమిదే.”

నేను ఊరుకోలేక, “ఏ బస్సన్నయ్యా, రేపల్లె బస్సా?” అన్నాను. నాకు తెలిసిన బస్సు అదే. బిట్టంటే పరీక్షలో బిట్టు పేపరు.

ఆయన పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వడం చూడటం అదే చివరిసారి. ఆ తర్వాత నుంచి అందరికీ కళ్ళం లెక్కలో చెప్పడం మొదలుపెట్టారు.

“కళ్ళం అనుకోండి. జీబీలంటే కళ్ళం ఎంత పెద్దదీ అని. కోర్లంటే కూలీలు. బస్సంటే చేలోంచి కళ్ళానికి వచ్చే డొంక. క్లాకు వేగమంటే కూలీ చెయ్యి ఎంత చురుగ్గా ఆడుద్దీ అని. వాట్లంటే వాళ్ళకి పెట్టాల్సిన అన్నం. ఇప్పుడు చూడండి. పన్నెండు దాంట్లో కళ్ళం పెద్దది, డొంక వెడల్పు, కూలీలు మూడువేల అయిదువందల పైచిలుకు. కాకపోతే చెయ్యి నిదానం, తిండి ఎక్కువ, నూట డెబ్భై వాట్లు. ఎనిమిది దాంట్లో కూలీలు మూడువేల చిల్లర, కానీ చెయ్యి మహా చురుకు. డొంక ఇరుకైనా చేతికందేంత దూరంలో చిన్న కుప్ప వేసుకుని పని నడుపుకుంటారు. తిండి నూట పదిహేను వాట్లే. బోర్డు మీద దీనికి ఎనిమిది దారులే ఉంటాయి, దానికి పదహారు. కొత్త బోర్డయితే ఎనిమిదీ చాలు. పాతదైతే ఇరుకు.”

“మరి ఏది మంచిది?”

“ఆటలకైతే ఎనిమిది. పంట కళ్ళంలో పట్టినంతసేపూ దానిదే పైచెయ్యి. పంట కళ్ళం దాటిందా, ఎంత చురుకైన కూలీలైనా గట్టు మీద కూర్చోవాల్సిందే.”

ఎంత బాగా చెప్పారు! ఇంత చెప్పించుకుని జనం ఏం చేసేవాళ్ళు? ఇంజనీరింగు చదివే అభినవ్ అని ఒకడు, మా వీధివాడే, ముప్పావు గంట కూర్చుని అంతా విన్నాడు. ఫోనులో చూసిన వీడియోలతో ఆయనకే పరీక్ష పెట్టాడు. చివరికి కాగితం రాసిచ్చాక దానికి ఫొటో తీసుకుని, “థాంక్స్ బాబాయ్,” అంటూ లేచి, మెట్ల మీద నిలబడే ఫోనులో ఆర్డరు పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత ఆ అట్టపెట్టె పట్టుకుని వచ్చి, “కొంచెం బిగించిపెట్టు బాబాయ్,” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. రంగనాయకులు గారు మాత్రం స్క్రూడ్రైవరు తీసుకుని బిగించారు. ఇలాంటి అభినవ్‌లు వారానికి పది మంది.

మనిషి మెల్లగా తగ్గిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. మాట మధ్యలో ఆగిపోయేవారు. కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకునేవారు. మధ్యాహ్నం మాణిక్యమ్మ వదిన కట్టిచ్చిన క్యారేజీ సగం తిని, సగం అలాగే మూత పెట్టేసేవారు. తిన్నాక కుర్చీలో కూర్చునే కునుకు తీసేవారు. “విసుగు కాదమ్మా, అలసట,” అన్నారొకసారి. “చెప్పిందే చెప్తుంటే నా మాట నాకే చప్పగా ఉంటంది.”

అప్పుడు వచ్చింది నాకు తెలివి.

“అన్నయ్యా, రోజుకి ఇరవైసార్లు ఒకటే కాగితం రాస్తున్నావు. నేను టైపు చేసి జిరాక్సులు తీసి పెడతాను. అడిగినవాళ్ళకి తలా ఒకటి పడేద్దాం. నీ నోరు నొప్పి తగ్గుద్ది.”

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, “సరే. కానీ అడుగు వరస ఖాళీగా వదిలెయ్యి. ఏది, ఎందుకు అన్నది నేను చేత్తో రాస్తాను,” అన్నారు.

నేను టైపు చేశాను. రెండు గడులు, పద్నాలుగు వరసలు, అందంగా వచ్చింది. అడుగున ఆ ఖాళీ నా కంటికి నచ్చలేదు. పది మందిలో ఎనిమిది మందికి ఆయన చెప్పేది ఎనిమిదే కదా అని, ఆ ఖాళీలో ‘సాధారణంగా ఎనిమిది జీబీ చాలు’ అని కొట్టాను. ఆయనకి చూపించాను. ఆ వరస మీద పెన్సిలు ఆగింది. ఏదో అనబోయారు. ఇంతలో ఎవరో వచ్చి, “బాబాయ్, పన్నెండా ఎనిమిదా?” అన్నారు. ఆయన ఊపిరి వదిలి, నా చేతిలో కాగితమే వాడికి ఇచ్చేశారు.

నూట యాభై కాపీలు తీశాను.

మాఘమాసం ముహూర్తాలు జోరుగా ఉన్న రోజుల్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం భవాని వచ్చింది. పాతికేళ్ళ అమ్మాయి. రేపల్లె దాటి నిజాంపట్నం వైపు సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళ నాన్న బాపయ్య పడవ మీద వేటకి పోతాడు. ఆరేళ్ళ కిందట ఆ తండ్రీకూతుళ్ళు ఇద్దరూ వచ్చి రంగనాయకులు గారి దగ్గర మొదటి కంప్యూటరు కట్టించుకున్నారు. అప్పటి నుంచి ఆ అమ్మాయి ఇంట్లోనే పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేస్తుంది. మిక్సింగ్ అంటే ఫొటోగ్రాఫర్లు తీసిచ్చిన పెళ్ళినంతా కత్తిరించి, అతికించి, పాటలు కలిపి, చూడదగ్గట్టు చెయ్యడం. రేపల్లె, బాపట్ల ఫొటోగ్రాఫర్లు పని పంపిస్తారు.

“కార్డు కాలిపోయిందక్కా,” అంది వస్తూనే. “నాలుగు పెళ్ళిళ్ళు చేతిలో ఉన్నాయి. పదిహేను రోజుల్లో ఇవ్వకపోతే పనంతా గుంటూరు పంపించేస్తామంటున్నారు. ఒకసారి అటు పోతే మళ్ళీ ఇటు రాదు. మా పెద్దక్క వేటపాలెంలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పోతది, మిషను మూసేసి నువ్వూ వచ్చెయ్యి అంటంది.”

ఆ అమ్మాయి కుడి చెయ్యి గుప్పిట బిగించి ఉంది. బస్సు టిక్కెట్టో ఏదో పట్టుకుందనుకున్నాను.

రంగనాయకులు గారు అప్పుడే కునుకు పట్టి ఉన్నారు. తల చేతి మీద వాలిపోయింది, నోరు కొంచెం తెరుచుకుంది. పొద్దుటి నుంచి ఆయన పడ్డ అవస్థ చూశాను కాబట్టి లేపబుద్ధి కాలేదు.

“లేపమంటావా?” అని మాత్రం అడిగాను.

“వద్దులే అక్కా, పడుకోనియ్యండి పాపం,” అంది ఆ అమ్మాయి. కానీ ఆయన వైపే చూస్తూ నిలబడింది.

నేను జిరాక్సు కాగితం తీసి చేతికిచ్చాను. “అంతా ఇందులో ఉంది. ఎనిమిది చాలు.”

“సార్ చెప్పిందేనా అక్కా?”

“సార్ చెప్పిందే.”

ఆ అమ్మాయి అందరిలాగా ఫొటో తీసుకుని పోలేదు. ఆయన అలమారలో ఉన్న ఎనిమిది జీబీ పెట్టె నా చేతే దింపించుకుని, మన దగ్గరే కొనుక్కుని వెళ్ళింది. నాకు ఎంత సంతోషమైందో! ఆయన లేచాక గొప్పగా చెప్పాను.

“ఎవరికిచ్చావు?”

“భవాని. మిక్సింగ్ అమ్మాయి.”

“అడిగావా?”

“ఏం అడగాలి?”

ఆయన అలమారలో ఖాళీ అయిన చోటు చూశారు. ఫోను తీశారు, మళ్ళీ పెట్టేశారు. ఇంతలో ఎవరో వచ్చారు. ఆ రోజు ఫోను చేసి ఉండాల్సిందని తర్వాత ఆయన నాతో నాలుగైదుసార్లు అన్నారు. నేను చేయించి ఉండాల్సిందని నేను అనలేదు గానీ అనుకున్నాను.

ఎనిమిదో రోజు పొద్దున భవానీయే ఫోను చేసింది. ఆయన స్పీకరు పెట్టారు.

“సార్, కోప్పడకండి. నేనే ఏదో తప్పు చేస్తున్నట్టున్నాను. పెళ్ళి మొత్తం ఒకే వీడియోగా బయటికి తీస్తుంటే నలభయ్యో నిమిషం దగ్గర ఆగిపోతంది. మెమరీ నిండిపోయిందని వస్తంది. ఆరుసార్లు తీశాను సార్. చిన్నచిన్న ముక్కలు అవుతున్నాయి గానీ పెద్దది అవట్లేదు. ఒక పార్టీ నిన్న వచ్చి తీసుకుపోయారు. ఇంకా మూడు ఉన్నాయి.”

“ఎన్ని కెమెరాలమ్మా?” అన్నారాయన.

“మూడు సార్. అన్నీ ఫోర్‌కేలో తీసిన పెద్ద ఫైళ్ళే.”

ఆయన కళ్ళజోడు తీసేశారు. పంట కళ్ళం దాటిపోయింది. కొత్త కూలీలంతా గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆ మాట ఆయన అనలేదు, నాకే తట్టింది. ఇన్నాళ్ళు విన్నదానికి నాకు ఆ మాత్రం బోధపడింది. తల కొట్టేసినట్టయింది.

“నీ తప్పేం లేదమ్మా. నేనొస్తున్నాను,” అన్నారు.

కూర్చున్న చోట నుంచి లేవడానికి కూడా ఓపిక లేనట్టుండే మనిషి, ఆ పూటే తన సొంత మిషను విప్పారు. దాంట్లో పన్నెండు జీబీ కార్డు ఉంది. అది ఊడదీసి దుమ్ము తుడిచి, చీర అట్టపెట్టెలో పెట్టారు. దాని తిండికి సరిపోయేలా ఎక్కువ వాట్ల పవర్ సప్లై ఒకటి సంచిలో వేసుకున్నారు. నేను షట్టరు దించేశాను.

“నువ్వెందుకమ్మా?”

“ఆ వరస కొట్టింది నేను అన్నయ్యా.”

ఆయన వద్దనలేదు. రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో పెట్టె పెట్టుకుని, వేమూరు దాటకముందే నిద్రపోయారు. భట్టిప్రోలులో జనం ఎక్కి తోసుకుంటున్నా కదల్లేదు. పెట్టె మీద చేతులు మాత్రం వదల్లేదు. రేపల్లెలో దిగి ఆటో ఎక్కాం. ఊరు దగ్గరపడుతుంటే గాలి ఉప్పగా తగిలింది.

బాపయ్య వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. “రండి సారూ, రండమ్మా. ఇంత దూరం వచ్చారు, నాకే సిగ్గుగా ఉంది,” అన్నాడు. సిగ్గు ఎవరికి ఉండాలో వాళ్ళకి ఉంది.

ముందు గదిలో బల్ల మీద కంప్యూటరు. ఉప్పుగాలి తగలకుండా పాత చీర మడతపెట్టి కప్పారు. కొత్త కార్డు బిగించిన రోజున పెట్టారు కాబోలు, డబ్బాకి పసుపు బొట్లు ఇంకా అంటుకుని ఉన్నాయి. పక్క గోడ మీద దేవుడి పటాలు. ఆ పటాల వరసలోనే రెండు కాగితాలు అంటించి ఉన్నాయి. ఒకటి నా జిరాక్సు. రెండోది లామినేషన్ చేసిన పాత కాగితం, పెన్సిలు రాత, అడుగున రంగనాయకులు గారి సంతకం. ఆరేళ్ళ కిందట ఆయన రాసిచ్చింది. లామినేషన్ చేసింది నేనే. నా జిరాక్సుకి కూడా మూలన పసుపు బొట్టు పెట్టి ఉంది. నాకు ప్రాణం చివుక్కుమంది.

ఆయన గోడ వైపు ఒకసారి చూసి, తల దించుకుని డబ్బా విప్పడం మొదలుపెట్టారు. ఎనిమిది తీశారు. పవర్ సప్లై మార్చారు. పన్నెండు బిగించారు. నడుం పట్టేస్తే మధ్యలో రెండుసార్లు గోడకి ఆనుకున్నారు. బాపయ్య కుర్చీ జరిపితే వద్దన్నారు. భవాని ఆగిపోయిన పెళ్ళినే మళ్ళీ మొదలుపెట్టింది.

తెర మీద పచ్చగీత పాకుతోంది. మేం నలుగురం దాన్నే చూస్తున్నాం. పది నిమిషాల పెళ్ళి, ఇరవై నిమిషాల పెళ్ళి. ఎవరో ముక్కూమొహం తెలియని పెళ్ళికొడుకు కోసం నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది. భవాని కళ్ళు మూసుకుంది. నలభై. గీత ఆగలేదు. నలభై ఒకటికి వెళ్ళాక బాపయ్య బయటికి వెళ్ళి తువ్వాలుతో మొహం తుడుచుకుని వచ్చాడు.

“ఇంక మూడూ ఇచ్చేస్తాను సార్,” అంది భవాని. “అక్కకి ఫోన్ చేసి చెప్తాను, నేను రావట్లేదని.”

రంగనాయకులు గారు అప్పుడు కూర్చున్నారు. సంచిలోంచి తెల్లకాగితం తీసి తొడ మీద పెట్టుకున్నారు. చెవి మీద పెన్సిలు తీశారు.

“అడగాల్సిన రోజు అడగలేదమ్మా. ఇప్పుడన్నా రాసిస్తాను. బోర్డు నేనిచ్చిందేగా? మీ ఊళ్ళో కరెంటు ఎట్టా ఉంటది?”

భవాని బల్ల సొరుగు తెరిచి, మడతలు మడతలుగా నలిగిపోయిన చిన్న చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

“ఆ రోజు రాసుకొచ్చాను సార్. మీరు అడుగుతారని.”

ఆయన చదివి నాకిచ్చారు. నోటుబుక్కులోంచి చింపిన కాగితం. గుండ్రటి అక్షరాలు.

‘ఒకటి. పని: పెళ్ళి మిక్సింగ్, మూడు కెమెరాలు, ఫోర్‌కే, రెండున్నర గంటలు. రెండు. బోర్డు: మీరిచ్చిందే, ఆరేళ్ళు. మూడు. కరెంటు: పగలు బాగానే ఉంటుంది, సాయంత్రం తగ్గుతుంది, ఇన్వర్టరు ఉంది.’ దాని కింద ఇంకో మాట, చిన్నగా. ‘నాలుగోది అడిగితే నాన్నకి ఫోన్ చెయ్యాలి.’

గోడ మీద పాత కాగితం చూసి, అందులో పైన ఆయన రాసుకున్న మూడు ప్రశ్నలు చూసి, ఇంటి దగ్గరే జవాబులు రాసుకుని వచ్చింది. ఆ గుప్పిట్లో ఉన్నది బస్సు టిక్కెట్టు కాదు. పన్నెండు కావాలని ఆ చీటీ గొంతెత్తి చెప్తూనే ఉంది. నేనే దాని ముందు నా జిరాక్సు పెట్టి నోరు మూయించాను. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను.

“ఊరుకో అక్కా. ఆ రోజే నేను అడగాల్సింది,” అంటుంది ఆ పిల్ల. ఆ మాటకి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

తిరుగు రైల్లో ఆయన నిద్రపోలేదు. పల్లికోన దగ్గర ఒక మాట అన్నారు. “అలసిపోవడం తప్పు కాదమ్మా. అలసిపోయానని అడగడం మానేశాను చూడూ, అదీ.” నాకు ఆయన మీద కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేదనిపించింది.

మర్నాడు కొట్టు తెరవగానే నా కంప్యూటర్లో ఆ కాగితం తెరిచి అడుగు వరస చెరిపేశాను. చెరిపితే మాత్రం ఏమైంది? మిగిలినవి పదకొండు కాపీలు. నూట ముప్ఫై తొమ్మిది ఎక్కడెక్కడి ఊళ్ళకో పోయాయి. వాటిలో ఎన్ని గుప్పిళ్ళ ముందు పెట్టానో ఇప్పుడు ఎవరు చెప్తారు?

రంగనాయకులు గారు భవాని దగ్గర తెచ్చిన ఎనిమిదిని తన మిషనులో బిగించుకున్నారు. తర్వాత జేబులోంచి ఆ చీటీ తీసి నా మిషను అద్దం మీద పెట్టారు.

“ఒక కాపీ తియ్యమ్మా. అసలుది ఆ అమ్మాయికి తిరిగి పంపించాలి.”

“కాపీ ఎందుకన్నయ్యా?”

“బల్ల అద్దం కింద పెట్టుకుంటాను. కళ్ళు మూతలు పడుతుంటే కనపడాలి.”

మూత వేసి మీట నొక్కాను. వెలుతురు ఇటు నుంచి అటు పోయింది. ఈ మిషను మీద పదహారేళ్ళలో లక్షల కాగితాలు తీశాను, ఏదీ ఆగి చదవలేదు. కాపీ బయటికి వచ్చింది. అక్షరాలు పలచగా పడ్డాయి. మడతలు మాత్రం నల్లగా, నిలువునా అడ్డంగా, ఒక్కటి పోకుండా దిగాయి. ఆయన కునుకు తీస్తుండగా ఆ పిల్ల నా ఎదురుగా నిలబడి గుప్పిట ఎన్నిసార్లు బిగించిందో, అన్నీ.